సోడియానికీ క్లోరిన్‌కీ మధ్య ఒక జాలీ

ఈదులరేవు సోడియం కర్మాగారంలో గోడలన్నీ కూలిపోవడానికి కారణం ఒక తలుపు గడియ.

శ్రావణమాసంలో ఒక మంగళవారం మధ్యాహ్నం మేనేజింగ్ డైరెక్టర్ నీలాద్రిరాజుగారు భోజనానికి లేవబోయేసరికి ఆయన గది తలుపు గడియ బిగుసుకుపోయింది. ఫోను కారులో ఉండిపోయింది. ఆయన పిలిచారు, తలుపు బాదారు, చివరికి కుర్చీ ఎత్తి కొట్టారు. బయట కూర్చున్న సిబ్బంది, సారు ఎవరితోనో చాలా ముఖ్యమైన విషయం మాట్లాడుతున్నారని గ్రహించి, ఆయన ఏకాగ్రత చెడకుండా మునివేళ్ళ మీద నడిచారు. మూడు గంటల తరువాత వడ్రంగి వచ్చి తలుపు ఊడదీశాడు. పొద్దున్న మామూలు అధికారిగా ఆ గదిలోకి వెళ్ళిన నీలాద్రిరాజుగారు, సాయంత్రం ఒక సిద్ధాంతంతో బయటికి వచ్చారు.

“నేను అరుస్తున్నాను. మీరు వింటున్నారు. అయినా మనం కలవలేకపోయాం. ఎందుచేత?” అని అడిగారు.

గడియ పాడైందని చెప్పడానికి వడ్రంగి నోరు తెరిచాడు. కానీ అతను పర్మనెంటు కాదు. ఎందుకులెమ్మని మళ్ళీ మూసుకున్నాడు.

“గోడ!” అన్నారు నీలాద్రిరాజుగారు. “మన సంస్థను లోపల్నించి తినేస్తున్నది గోడ!”

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ‘సంస్థయందు విభాగముల మధ్య, వ్యక్తుల మధ్య, వస్తువుల మధ్య నెలకొనియున్న సమస్త అవరోధములను గుర్తించి, గణించి, నిర్మూలించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది’ అని అందులో ఉంది. ఈ పనికి ఒక అవరోధ నిర్మూలనాధికారి కావలసి వచ్చాడు. అంతవరకూ స్టేషనరీ గదిలో పెన్సిళ్ళు లెక్కపెడుతూ ఉన్న త్రిలోచనరావును ఆ పదవిలో కూర్చోబెట్టారు. అతని మొదటి చర్య స్టేషనరీ గది గోడలు పడగొట్టించడం. పెన్సిళ్ళు ఆ సాయంత్రానికే సంస్థలో లీనమైపోయాయి.

పదిహేను రోజుల్లో ఆఫీసు భవనం కప్పు, స్తంభాలు మాత్రమే మిగిలిన పెద్ద పందిరి అయింది. సముద్రం గాలికి ఉత్తరాలు ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి వాటంతట అవే వెళ్ళిపోతున్నాయి. దీన్ని నీలాద్రిరాజుగారు సమాచార వేగంలో సాధించిన పురోగతిగా నమోదు చేయించారు. రహస్య విభాగం వాళ్ళు బల్లలన్నీ మైదానం మధ్యకు తెచ్చుకుని, ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటూ పని నడిపారు. మరుగుదొడ్ల దగ్గర మాత్రం యూనియన్ భీష్మించుకుంది. మూడు రోజుల చర్చల తరువాత ఇరుపక్షాలకూ గౌరవంగా ఉండేటట్టు రాజీ కుదిరింది: గోడలు తీసేస్తారు, తలుపులు ఉంచుతారు. ఆ తలుపులు చౌకట్లలో ఒంటరిగా నిలబడి ఉండేవి. మర్యాదస్తులు తట్టి మరీ వెళ్ళేవారు.

తరువాత క్యాంటీన్లో గళ్ళ పళ్ళేలు పోయాయి. పప్పుకీ పెరుగుకీ మధ్య అంగుళం ఎత్తు అవరోధం ఉందని త్రిలోచనరావు కనిపెట్టాడు. వాటి స్థానంలో నున్నటి పళ్ళేలు వచ్చాయి. మొదటి రోజు సేమ్యా పాయసం వెళ్ళి చేపల పులుసులో కలిసింది. క్యాంటీన్ పైడమ్మ గరిటె పట్టుకుని, “ఈ తిండికి ఏ పేరెట్టమంతారో అది కూడా మీరే రాసిచ్చీండి బాబూ, బోర్డు మీద రాయాల” అంది.

ఇవన్నీ జరుగుతున్నప్పుడు లోలుగు హైమావతి నిశ్చింతగా ఉంది.

ఆమె సెల్ హౌసుకు బాధ్యురాలైన రసాయన శాస్త్రవేత్త. ఆ ఉద్యోగంలో పంతొమ్మిదేళ్ళు గడిచాయి. సెల్ హౌసు ఆఫీసుకు అర కిలోమీటరు దూరంలో ఉన్న పొడవాటి రేకుల షెడ్డు. దానికి మొదట్నించీ గోడలు లేవు, గాలి ఆడాలి కాబట్టి. అందులో రెండు వరుసల్లో నలభై ఉక్కు తొట్లు ఉన్నాయి. కాగితాల మీద వాటిని సెల్ అంటారు. పనివాళ్ళు కుండ అంటారు. ఒక్కో కుండలో ఉప్పు ఆరువందల డిగ్రీల దగ్గర నీళ్ళలా కరిగి, ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. వట్టి ఉప్పయితే ఎనిమిది వందలు దాటితే గానీ కరగదు. అందుకని కాల్షియం క్లోరైడు కలిపి దాన్ని కాస్త మెత్తబరుస్తారు.

కుండ మధ్యలో బొగ్గు దిమ్మ నిలబడి ఉంటుంది. అది ఆనోడు. దాని చుట్టూ కడియంలా ఉక్కు వలయం ఉంటుంది. అది కాథోడు. కరెంటు పెట్టగానే ఉప్పులోని క్లోరైడు బొగ్గు వైపూ, సోడియం ఉక్కు వైపూ ప్రయాణం కడతాయి. క్లోరైడు తన ఎలక్ట్రాన్ను బొగ్గుకి అప్పగించి, జంటలుగా కలిసి పసుపుపచ్చ వాయువై పైనున్న మూతలోకి పోతుంది. సోడియం ఉక్కు దగ్గర ఎలక్ట్రాన్ పుచ్చుకుని లోహమై, తేలికగా పైకి తేలి గొట్టంలోంచి వస్తుంది. ఈ రెండింటికీ మధ్య సన్నని ఉక్కు తీగల జాలీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఇదీ మొత్తం సంగతి.

గొట్టంలోంచి సోడియం జారుతుంటే చూడటం హైమావతికి పంతొమ్మిదేళ్ళయినా విసుగు పుట్టలేదు. వెండిని ఎవరో పాలలా పోస్తున్నట్టుండేది. ఇంట్లో ఎవరైనా పోట్లాడుకున్నా, ఆమెకు జ్వరం వచ్చినా, ఒక్కసారి ఆ ధార చూస్తే మనసు కుదుటపడేది.

జాలీలు అల్లేవాడు ఫోర్మన్ పిన్నింటి దాలినాయుడు. యాభై ఆరేళ్ళ మనిషి. కళ్ళు మూసుకుని వేలితో తడిమి, ఎక్కడ ఒక్క తీగ వదులైందో చెప్పగలడు.

“మన జోలికి రారులెండి నాయుడుగారూ. మనకు గోడలెక్కడున్నాయి?” అంది హైమావతి.

“ఏమోనమ్మా. ఆ త్రిలోచనం బాబు నిన్న నా సొక్కాకి జేబెందుకని అడిగినాడు” అన్నాడు దాలినాయుడు.

శుక్రవారం పొద్దున్న త్రిలోచనరావు అవరోధ గణన పత్రం పట్టుకుని సెల్ హౌసుకు వచ్చాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నాడు. షెడ్డు నాలుగు పక్కలా చూసి, గోడలు కనబడక నిరుత్సాహపడ్డాడు. వెళ్ళిపోబోతూ, పత్రంలో ఏదో ఒకటి రాసుకుందామన్నట్టు ఆగి, “ఈ కుండల్లో ఏముంటుంది?” అని అడిగాడు.

హైమావతి చేసిన ఒకే ఒక పొరపాటు, వివరంగా చెప్పడం. అడిగినవాడికి అర్థమయ్యేలా చెప్పడం ఆమెకు అలవాటు. అంతా చెప్పి, “జాలీ ఉండబట్టే అవి రెండూ వేరువేరుగా ఉంటాయండి” అని ముగించింది.

త్రిలోచనరావు కలం మూత తీశాడు.

“మళ్ళీ చెప్పండి. వేరువేరుగా?”

“అవునండి.”

“మీ వివరణ ప్రకారం ఎలక్ట్రాన్ అనునది ఒక చోటునుంచి మరొక చోటికి బదిలీ అగుచున్నది. ఎవరి ఉత్తర్వు మీద?”

“కరెంటు పెడితే అదే వెళుతుందండి.”

“ఉత్తర్వు లేని బదిలీ” అని రాసుకున్నాడు. “సరే, అది వేరే శాఖ చూసుకుంటుంది. నా పరిధిలోనిది జాలీ. ఇటువంటివి ఎన్ని?”

“నలభై.”

“నలభై అవరోధములు!” త్రిలోచనరావు పత్రంలో కొత్త పేజీ తిప్పాడు. సంస్థ మొత్తానికి ఆ వారం అతనికి దొరికినవి రెండే, అందులో ఒకటి దోమతెర. “తీసివేయవలెను.”

“తీస్తే సోడియం వెళ్ళి క్లోరిన్‌తో కలిసిపోతుందండి!”

త్రిలోచనరావు తడిగుడ్డ కిందికి లాగి, జాలిగా ఆమె వంక చూశాడు. “హైమావతిగారూ, మన సంస్థ లక్ష్యమే అది కదా?”

విషయం సోమవారం సమన్వయ సంఘం ముందుకు వచ్చింది. సంఘానికి అధ్యక్షులు నీలాద్రిరాజుగారే. ఆయన ఇంతకుముందు చేపల అభివృద్ధి సంస్థలో ఉండేవారు. అక్కడా ఇక్కడా వస్తువు ఉప్పులోంచే వస్తుందన్న అవగాహనతో ఈ బాధ్యత స్వీకరించారు. సమావేశం ఆయన గది ఒకప్పుడు ఉన్న చోట జరిగింది. రెండు మేకలు కూడా హాజరయ్యాయి. వాటిని వెళ్ళగొట్టడం అవరోధం కిందికి వస్తుందేమోనని ఎవరూ కదిలించలేదు. అందులో ఒకటి గత సమావేశం తీర్మానాలు నములుతోంది.

“ఈ సోడియం, క్లోరిన్ అనే రెండు పక్షాలూ మొదట్లో ఎలా ఉండేవి?” అని అడిగారు నీలాద్రిరాజుగారు.

“ఉప్పుగా ఉన్నప్పుడు కలిసే ఉంటాయండి” అంది హైమావతి.

“కలహాలు?”

“ఏమీ ఉండవండి. ఉప్పు చాలా నిలకడైన పదార్థం.”

“విడదీసింది ఎవరు?”

“మనమేనండి” అంది హైమావతి.

“ఎంతకాలంగా?”

“ఫ్యాక్టరీ పెట్టినప్పటినించీ. ముప్పై ఒక్క సంవత్సరాలు.”

మేక నమలడం ఆపింది. నీలాద్రిరాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నిలకడగా, కలహం లేకుండా ఉన్నవాటిని ఆరువందల డిగ్రీల మంటలో పెట్టి, కరెంటు షాకులిచ్చి, మధ్యలో ఇనపతెర కట్టి, ముప్పై ఒక్క ఏళ్ళుగా విడదీస్తూ వచ్చారు. మీకు జాలి లేదా అమ్మా?”

“ఉందండి. నలభై ఉన్నాయి. వాటినే తీయొద్దని మనవి చేసుకుంటున్నాను.”

త్రిలోచనరావు దీన్ని ఒప్పుకోలుగా నమోదు చేశాడు.

హైమావతి వదల్లేదు. సోడియం, క్లోరిన్ కుండలో కలిస్తే భగ్గుమంటాయని, పనివాళ్ళ ప్రాణాల మీదికి వస్తుందని, మన పనే వాటిని విడదీయడమని, ప్రజలు మనకు జీతాలిచ్చేదే అందుకని, చేతులూపుతూ చెప్పింది. సంఘం అంతా ఓపికగా విని, ఆమె ఆందోళనను గౌరవిస్తూ, ముందుగా ఒక్క కుండలో ప్రయోగాత్మకంగా అవరోధ నిర్మూలన జరపాలనీ, దాన్ని ఆమే జరపాలనీ, నివేదిక కూడా ఆమే ఇవ్వాలనీ తీర్మానించింది.

“నానొగ్గనమ్మా!” అన్నాడు దాలినాయుడు ఆ కబురు విని. “నా సేత్తో అల్లినాను, నా సేత్తో పీకమంతారా?”

“ఉత్తర్వు రాతలో ఇచ్చారు నాయుడుగారూ. మనం చెయ్యకపోతే త్రిలోచనరావుగారు స్వయంగా చేస్తారట.”

దాలినాయుడు కొక్కేలు అందుకున్నాడు. “అలాగైతే మనమే సేద్దాం. ఆ బాబు కుండలో పడిపోతే మళ్ళీ అదో ఎంక్వయిరీ.”

ఏడో నంబరు కుండను ఎంచుకున్నారు. హైమావతి మనుషులందర్నీ దూరంగా పంపించి, గాలి లాగే ఫ్యానులు గట్టిగా పెట్టించి, ఉప్పు గడ్డకట్టకుండా ఉండటానికి కావలసినంత వరకే కరెంటు తగ్గించింది. జాలీ తీసి ఇసుక మీద పెట్టారు. కరెంటు మళ్ళీ ఇచ్చారు.

కాసేపు ఏమీ కాలేదు. తరువాత కుండలో చిటపటమని మొదలైంది. ఉక్కు దగ్గర పుట్టిన సోడియం బొట్లు ఏ అడ్డూ లేకపోవడంతో దారి తప్పి బొగ్గు వైపు పోతున్నాయి. క్లోరిన్ ఎదురొస్తోంది. కలిసినప్పుడల్లా పచ్చటి మెరుపొకటి వచ్చి, మూత ఎగిరెగిరి పడుతోంది. ఎవరో లోపల కూర్చుని పకపకా నవ్వుతున్నట్టుంది. సోడియం గొట్టం కింద హైమావతి పెట్టిన పాత్రలో సాయంత్రానికి ఒక్క బొట్టు పడలేదు. క్లోరిన్ గొట్టం ఖాళీ. కుండలో పొద్దున్న ఎంత ఉప్పుందో అంతా ఉంది.

ఆమె నివేదికలో నిజం నిజంగా రాసింది. ‘సోడియం ఏమీ రాలేదు. క్లోరిన్ ఏమీ రాలేదు. లోపల పుట్టిన రెండూ మళ్ళీ కలిసి ఉప్పుగా మారిపోయాయి. వేసిన ఉప్పు వేసినట్టే ఉంది.’ ఇది చదివాక ఎవరికైనా కళ్ళు తెరుచుకుంటాయని ఆమె నమ్మకం.

నీలాద్రిరాజుగారి కళ్ళు తెరుచుకోవడమే కాదు, తడిశాయి కూడా. ఆయన నివేదికను మైకులో చదివి వినిపించారు.

“విషవాయువు సున్నా! మండే లోహం సున్నా! వ్యర్థ పదార్థం సున్నా! ముడిసరుకు నూటికి నూరు పాళ్ళూ భద్రం! మన సంస్థ చరిత్రలో ఇంత పరిశుభ్రమైన దినం ఉందా?”

లేదని అందరూ ఒప్పుకున్నారు. మిగతా ముప్పై తొమ్మిది జాలీలూ ఆ వారంలోనే తీయించారు. దాలినాయుడు ఒక్కోదాన్నీ గోనెగుడ్డలో చుట్టి, షెడ్డు వెనక ఎత్తుగా పేర్చాడు. నలభై కుండలూ పగలూ రాత్రీ పకపకలాడుతూ, ఒక చిన్న పట్నం వాడేంత కరెంటు మింగుతూ, ఉప్పులోంచి ఉప్పు తీయసాగాయి. నెల తిరిగేసరికి సమైక్య నిర్వహణ పరిషత్తు అనే సంస్థ వాళ్ళు వచ్చి, కర్మాగారానికి ఒక ఇత్తడి ఫలకం బహూకరించారు. దాని మీద రెండు చేతులు కలుపుకుంటున్న బొమ్మ ఉంది.

హైమావతికి మాత్రం చేతుల్లో పని లేనట్టుగా ఉంది. అలవాటు కొద్దీ పొద్దున్నే గొట్టాల దగ్గరికి వెళ్ళి నిలబడేది. అన్నీ పొడిగా ఉండేవి. నిజం రాస్తే చాలనుకున్నాను, నేను రాసిన నిజమే నా కుండల్ని ముంచింది కదా అని తనను తాను తిట్టుకునేది.

ఇంతలో మున్సిపాలిటీ మంచినీళ్ళ ఇంజనీరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఈదులరేవు ఊరికి వెళ్ళే కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ ఈ కర్మాగారానిదే. సిలిండర్లు అయిపోయాయి. కొత్తవి రాలేదు.

“క్లోరిన్ పంపండి సార్, నాలుగు రోజులకు మించి ఆగలేను” అని వేడుకున్నాడు.

నీలాద్రిరాజుగారు ఆశ్రితులను వట్టిచేతులతో పంపే మనిషి కాదు. లారీ నిండా బస్తాలు వేయించి, మీద ఒక ఉత్తరం పెట్టించారు. ‘మీరు కోరిన క్లోరిన్ ఇందుతో పంపడమైనది. అది ప్రస్తుతము సోడియంతో కలిసి సుఖముగా ఉన్నది. విడదీయక వాడుకొనవలెను.’

ఇంజనీరు ఆ ఉత్తరాన్ని మున్సిపల్ కమిషనరుకు చూపించాడు. కమిషనరు దాని మీద ‘ప్రకారం అమలు చేయండి’ అని రాశాడు. మూడు బస్తాలు ట్యాంకులో పడ్డాయి.

మర్నాడు ఊళ్ళో కాఫీలన్నీ చెడిపోయాయి. ఆ మర్నాడు పాలు విరిగాయి. నాలుగో రోజు పొద్దున్నే బిందెలతో ఆడవాళ్ళు కర్మాగారం గేటు దగ్గరికి వచ్చారు. గేటు కూడా అవరోధమే కాబట్టి దాన్ని ఎప్పుడో తీసేశారు. వాళ్ళు నడుచుకుంటూ నేరుగా నీలాద్రిరాజుగారి బల్ల దాకా వచ్చి, బిందెలు దాని మీదే పెట్టారు. ముందున్నది క్యాంటీన్ పైడమ్మే.

“ఓ గుక్క తాగండి బాబూ. పప్పులో ఉప్పెయ్యక్కర్నేకండా పోయింది, నిజిమే. పిల్లగుంటలకి ఇరోచనాలట్టుకున్నాయి. మా ఈదిలోనే ముగ్గుర్ని ఆస్పత్రిలో ఎట్టినారు. అందులో నా మనవరాలొకత్తి. దీనికేటి సెప్తారు?”

నీలాద్రిరాజుగారు చాలా సంతోషించారు. “చూశారా? ప్రజలకూ మనకూ మధ్య ఏ అడ్డూ లేదు!” అని త్రిలోచనరావుతో అన్నారు. తరువాత ఒక ఉపసంఘం వేశారు.

హైమావతి పైడమ్మ మొహం చూసింది. ఎప్పుడూ గరిటె తిప్పుతూ నలుగుర్నీ నవ్వించే మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హైమావతి సెల్ హౌసుకు వెళ్ళి, దాలినాయుడి పక్కన బల్ల మీద కూలబడింది.

“జాలీలు పెట్టనిస్తే సాయంత్రానికి క్లోరిన్ వస్తుంది. కానీ ఏమని అడగను? వేరు చేస్తుందంటే వాళ్ళకు కోపం. అబద్ధం రాయడం నా చేతకాదు.”

దాలినాయుడు బీడీ తీసి, ముట్టించకుండానే చేతిలో నలిపాడు. “నాకో సంగతి సెప్పమ్మా. ఆ జాలీలోంచి ఏదీ ఎల్లదా?”

“ఎందుకెళ్ళదూ? అయాన్లు వెళ్తాయి. లోహం బొట్లు, గ్యాసు బుడగలు మాత్రమే ఆగిపోతాయి. సోడియం అయాన్లు అటునించి ఇటు, క్లోరైడు అయాన్లు ఇటునించి అటు... క్షణానికి కోటానుకోట్లు. అసలవి ఎదురుపడేదే ఆ కన్నాల దగ్గర...” హైమావతి ఆగిపోయింది.

“మరదే రాసీ” అన్నాడు దాలినాయుడు.

ఆమె అక్కడే, ఒడిలో కాగితం పెట్టుకుని, పావుగంటలో రాసేసింది. ‘కుండలలోని అయాన్లకు పరస్పరం కలుసుకొనుటకు నిర్దిష్టమైన వేదిక ఏదియు లేకపోవడం ఆవేదనతో గమనించడమైనది. అవి ఎక్కడ పడితే అక్కడ తారసపడి చిటపటలాడుచున్నవి. కావున ప్రతి కుండయందును ఒక సమాగమ జాలీ ఏర్పాటు చేయవలసినదిగా ప్రతిపాదన. దీని ద్వారా అయాన్లు అటూ ఇటూ నిరంతర రాకపోకలు సాగించగలవు. సామగ్రి షెడ్డు వెనక సిద్ధముగా ఉన్నది.’ రాసింది రెండుసార్లు చదువుకుంది. ఎక్కడా ఒక్క అబద్ధం లేదు.

నీలాద్రిరాజుగారు ఆ కాగితాన్ని నిలబడే చదివారు. తరువాత కూర్చుని మరోసారి చదివారు.

“హైమావతిగారూ,” అన్నారు, “మీలో ఇంత మార్పు వస్తుందని నేను ఊహించలేదు.”

త్రిలోచనరావుకు మాత్రం అనుమానం వచ్చింది. “చిత్తం, కానీ ఇవి మనం తొలగించిన జాలీల వలెనే కనబడుతున్నవి.”

“వలెనే కాదండి, అవే” అంది హైమావతి. “అప్పుడు వాటి ఉపయోగం నేను సరిగా చెప్పలేకపోయాను. తప్పు నాది.”

“తప్పు ఒప్పుకొన్నారు. ఇంకేమిటయ్యా నీ అడ్డు?” అన్నారు నీలాద్రిరాజుగారు. అడ్డు అన్న మాట తన మీద ప్రయోగమయ్యేసరికి త్రిలోచనరావు హడలిపోయి, వెంటనే సంతకం చేశాడు.

ప్రారంభోత్సవం ఆ మధ్యాహ్నమే. ఏడో కుండకు మామిడాకుల తోరణం కట్టారు. అది ఆరువందల డిగ్రీల వేడికి ముందుగానే వడలిపోయి, తరువాత మాడిపోయింది. నీలాద్రిరాజుగారు పది గజాల దూరంలో నిలబడి రిబ్బను కత్తిరించారు. దాలినాయుడు పొడవాటి కొక్కేలతో జాలీని దించి, కుండలో సరిగ్గా కూర్చోబెట్టాడు. కుండలో నవ్వు ఆగిపోయింది.

“ఇప్పుడు కలుసుకుంటున్నాయా?” నీలాద్రిరాజుగారు గుసగుసగా అడిగారు.

“బ్రహ్మాండంగా కలుసుకుంటున్నాయి బాబూ” అన్నాడు దాలినాయుడు. “జాలీ కాడికొచ్చి, ఒకదాన్నొకటి పలకరించుకుని, దేని దారిన అది ఎల్లిపోతంది.”

సాయంత్రం నాలుగున్నరకు గొట్టం చివర ఒక వెండి బొట్టు మెరిసింది. రెండో బొట్టు దాన్ని తోసింది. తరువాత ధార. హైమావతి ముఖ కవచం వెనకనించి చూస్తూ నిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో పక్కనున్న దాలినాయుడికి కూడా తెలియలేదు. ఆరు గంటలకు మొదటి క్లోరిన్ సిలిండరు లారీ ఎక్కింది. తెల్లారేసరికి నలభై కుండలూ నడుస్తున్నాయి. వారం తిరిగేసరికి పైడమ్మ మనవరాలు ఆస్పత్రి నించి ఇంటికి వచ్చి, పాయసం కావాలని పేచీ పెట్టింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ నీలాద్రిరాజుగారికి ప్రారంభోత్సవం జరిగిన రాత్రి నిద్ర పట్టలేదు. నోరులేని ఉప్పుకు కలుసుకోవడానికి ఇంత చక్కటి వేదిక ఉండగా, మాట్లాడగల మనుషులకు ఏమీ లేకపోవడం ఆయన్ను కలచివేసింది. మర్నాడు పది గంటలకే ఉత్తర్వు: ‘ఇద్దరు ఉద్యోగులున్న ప్రతి చోటను వారి మధ్య ఒక సమాగమ జాలీ ఏర్పాటు చేయవలెను.’

దాలినాయుడూ అతని మనుషులూ నెల రోజులు తల ఎత్తలేదు. బల్లకీ బల్లకీ మధ్య జాలీ వచ్చింది. విభాగానికీ విభాగానికీ మధ్య ఎనిమిది అడుగుల జాలీ వచ్చింది. ఉత్తరాలు ఎగరడం మానేశాయి. మేకలు బయటే ఉండిపోయాయి. క్యాంటీన్ పళ్ళేల్లో పప్పుకీ పెరుగుకీ మధ్య చిన్న చిన్న జాలీలు అమర్చారు. మరుగుదొడ్ల చుట్టూ నాలుగు పక్కలా జాలీలు అమరిస్తే, యూనియన్ వాళ్ళు వాటి మీద రాత్రికి రాత్రి గోనెపట్టాలు కుట్టేసుకున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. సిబ్బంది అంతా ఎవరి బోనులో వాళ్ళు కూర్చుని, చాలా కాలం తరువాత హాయిగా పని చేసుకున్నారు. త్రిలోచనరావు అవరోధ నిర్మూలనాధికారి పదవి నుంచి సమాగమాధికారిగా పదోన్నతి పొందాడు.

కార్తీకమాసం చివర్లో అతను తనిఖీకి సెల్ హౌసుకు వచ్చాడు. కుండల దగ్గరికి వెళ్ళి, నలభై జాలీలూ చూసి, ఎంతో ఆనందించాడు. అప్పుడు అతని చూపు షెడ్డు మూలనున్న చెక్కబల్ల మీద పడింది. హైమావతీ దాలినాయుడూ చెరోవైపు కూర్చుని టీ తాగుతున్నారు. గొట్టాలకు సెలవు పెట్టి కడగాల్సిన రోజు గురించి ఏదో వాదించుకుంటున్నారు.

త్రిలోచనరావు బల్ల పైన చూశాడు. కింద చూశాడు. వెనక్కి వెళ్ళి దూరం నించి చూశాడు.

“మీ ఇద్దరి మధ్య ఏమీ లేదే!” అన్నాడు.

“లేదండి” అంది హైమావతి.

“మరి మీరు ఎలా కలుసుకుంటున్నారు?”

దాలినాయుడు టీ గ్లాసు కింద పెట్టాడు. “ఇలాగే బాబూ. ఎదురూబొదురూ కూకుంతాం. మాటాడుకుంతాం.”

త్రిలోచనరావు కలం మూత తీసి, ‘అనధికార సమాగమము – ఇద్దరు’ అని రాసుకున్నాడు.